పారేసే సర్వర్ మీద రెండో మనిషి

మా నోవై ఊళ్లో బాగా మంచు పడ్డ పొద్దున్న కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాట్‌లో ఏ కారు ఎవరిదో తెలియదు. అన్నీ ఒకే రకం దిబ్బలు. వాటిలో నాదేదో కనుక్కుని, తవ్వి, బయటికి తీసి, ఎక్కడికి వెళ్లాలి? ఆఫీసు లేదు. అద్దె దండగని మా కంపెనీ ఉన్న ఒక్క అంతస్తూ ఖాళీ చేసేసి, ఇక మీద అందరూ ఇళ్ల నుంచే పని చేయండి అంది. అందరూ పండగ చేసుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంట్లో మనుషులున్నవాళ్లకు ఇంటి నుంచి పని సుఖం. నా ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ తప్ప ఎవరున్నారు?

ఆ ముందు సంవత్సరమే నాకు విడాకులయ్యాయి. మా చుట్టుపక్కల తెలుగువాళ్లు మంచివాళ్లే, అనకూడదు. కాకపోతే తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కైనా, సత్యనారాయణ వ్రతానికైనా జంటల్ని పిలవడం వాళ్లకు అలవాటు. ఒంటరి ఆడమనిషిని పిలిస్తే ఎవరి పక్కన కూర్చోబెట్టాలో, ఏం అడగాలో తెలియక మెల్లగా పిలవడం మానేశారు. ఒకావిడ ఇండియన్ స్టోర్‌లో కనబడి, "నిన్ను పిలుద్దామనే అనుకున్నానే, మళ్లీ నువ్వెక్కడ ఫీలవుతావోనని" అంది. "ఆ ఫీలయ్యేదేదో మీ ఇంటికొచ్చి, పులిహోర తింటూ ఫీలయ్యేదాన్ని గదండీ" అన్నాను. ఆవిడ కొత్తిమీర కట్ట బుట్టలో పడేసుకుని బిల్లింగ్ వైపు వెళ్లిపోయింది. నా నోరు అంత. దాని వల్ల నాకు మిగిలిందీ అంతే.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మిగతాది తలా తోకా తెలియదు. మా కంపెనీ చిన్న చిన్న ఆస్పత్రుల, క్లినిక్‌ల కంప్యూటర్లను చూసుకునేది. రోగుల వివరాలన్నీ వాటిలోనే ఉంటాయి. పాత అకౌంట్లు తీసేయడం, పాస్‌వర్డ్‌లు మార్చడం, రికార్డులను ఒక చోట నుంచి ఇంకో చోటికి తరలించడం, ఇవన్నీ చేసే ప్రోగ్రాములను అడ్మిన్ టూల్స్ అంటాం. వాటికి ఎదురు లేదు. ఏం చెబితే అది చేసేస్తాయి. నాకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయన వాటిని తన సొంత లాప్‌టాప్ నుంచే నడిపేవాడు. అదే లాప్‌టాప్‌లో మెయిల్ చూసుకునేవాడు, క్రికెట్ స్కోర్లు చూసుకునేవాడు. ఒకరోజు ఏదో కొరియర్ వాళ్లు పంపినట్టున్న మెయిల్ తెరిచాడు. ఆయన లాప్‌టాప్‌లో ఉన్న పాస్‌వర్డ్‌లు, మా భాషలో తాళాలు, అన్నీ ఎవడో ఎత్తుకుపోయాడు. ఒక క్లినిక్ చాలా రోజులు మూతపడింది. ఆయన ఉద్యోగం పోయింది, ఆ కుర్చీ నాకొచ్చింది.

నేను వచ్చిన వెంటనే మేనేజర్‌తో పోట్లాడి ఒక రూలు పెట్టించాను. ఎవరి లాప్‌టాప్ మీదా ఏ టూలూ నడవకూడదు. పని ఉన్నప్పుడు క్లౌడ్‌లో ఒక వర్చువల్ సర్వర్ అద్దెకు తీసుకోవాలి. అదంటే ఎక్కడో ఒక పెద్ద యంత్రంలో మన కోసం నిమిషంలో పుట్టే ఊరూ పేరూ లేని కంప్యూటర్. దాని మీద టూల్ పెట్టాలి, ఆ పూటకు మాత్రమే పనికొచ్చే తాళం ఇవ్వాలి, పని చేయాలి, అవగానే మొత్తం సర్వర్‌ని తీసి పారేయాలి. తిన్నాక విస్తరాకు ఎత్తి పారేస్తాం, కడిగి దాచుకోం గదా, అంతే. మేనేజర్‌కి నేను చెప్పిన మాట ఇంకోటి ఉంది గానీ, అది ఇంగ్లీషులో చెప్పేసరికి చప్పబడింది: ఎంగిలి చెయ్యి ఆవకాయ జాడీలో పెట్టకూడదు. ఒక్క చెయ్యి చాలు, జాడీ అంతా బూజు పడుతుంది.

రూల్లో రెండో భాగం కూడా నాదే. ఆ సర్వర్ మీద ఎప్పుడూ ఇద్దరుండాలి. ఇద్దరికీ ఒకటే స్క్రీన్ కనబడుతుంది. ఒకళ్లు టైప్ చేస్తుంటే రెండోవాళ్లు ప్రతి లైనూ చూసి, తప్పుంటే ఆపాలి. నాకు రెండో మనిషిగా, వేరే రాష్ట్రంలో మోరిస్‌విల్ అనే ఊళ్లో ఉన్న ఒకాయనను ఇచ్చారు. తెలంగాణ మనిషి, భార్యతో అక్కడే ఉంటాడని మాత్రం తెలుసు. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. సోమవారం కాన్ఫరెన్స్ కాల్‌లో గొంతు వినేదాన్ని. "యెస్. డన్. నో ఇష్యూస్." అంతకు మించి మాట పెగిలేది కాదు. ఇదెక్కడి మాలోకం దొరికింది నాకు అనుకున్నాను.

సర్వర్ మీద మాత్రం ఆ మనిషే వేరు. మేము వాడే చోట లైనుకు ముందు హ్యాష్ గుర్తు పెడితే, అది మనుషుల కోసం రాసిన మాట అని కంప్యూటర్ దాన్ని వదిలేస్తుంది. ఒకరోజు నేను ఏదో చిరాకులో తప్పుల మీద తప్పులు కొడుతుంటే, నా లైను కింద హ్యాష్ పడింది. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "మేడం, ఆ బ్యాక్‌స్పేస్ మీద ఎవల మీది కోపం తీర్చుకుంటున్నరు?"

నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపం వచ్చింది. "పని చూడండి" అని కొట్టాను. "చూస్తనే ఉన్న. మీరు చేస్తలేరు" అని జవాబు.

అలా మొదలైంది. పని మధ్యలో, టూల్ నడుస్తున్నప్పుడు వచ్చే ఖాళీల్లో, హ్యాష్ గుర్తు వెనకాల మాట్లాడుకునేవాళ్లం. అన్నం తిన్నరా అని అడగడం, నేను తినలేదంటే ఏం వండుకోవచ్చో చెప్పడం. మొదట్లో నాకు అనుమానమే వచ్చింది. పెళ్లయిన మగాడు, విడాకులైన ఆడదాన్ని రోజూ తిన్నావా అని అడుగుతున్నాడంటే ఏమనుకోవాలి? రెండు సార్లు గట్టిగానే మొహం మీద కొట్టినట్టు చెప్పాను. అయినా ఆ మాటల్లో వంకర ఏమీ కనబడలేదు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎంత సన్నగా తరగాలో అంత శ్రద్ధగా చెప్పేవాడికి దురుద్దేశాలకు తీరికెక్కడిది? ఒకసారి ఆ మనిషి హ్యాష్ పెట్టడం మరిచిపోయి "చాయ్ తాగిన్రా" అని కొడితే, చాయ్ అనే కమాండ్ ఏదీ లేదని సర్వర్ జవాబిచ్చింది. నేను ఒక్కదాన్నే హాల్లో కూర్చుని గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించి ఆగిపోయాను.

పని అవగానే సర్వర్ తీసేసేవాళ్లం. దాంతో పాటు మా మాటలూ పోయేవి. మర్నాడు కొత్త సర్వర్, కొత్త మాటలు. ఆ చలికాలమంతా నన్ను ఏడిపించి, నవ్వించి, తిన్నావా అని అడిగిన మనిషి ప్రపంచంలో ఆ ఒక్కరే. ఆ రెండో కుర్చీ ఖాళీ అయితే నా గతేమిటని నాకు అప్పుడే బెంగగా ఉండేది. ఎవరితో చెప్పుకుంటాను? చెప్పుకుంటే నవ్విపోతారు.

క్లినిక్‌లు మూసి ఉంటాయని పెద్ద పనులు ఆదివారం పగలు పెట్టుకునేవాళ్లం. అలాంటి ఒక ఆదివారం ఒక క్లినిక్‌లో పాత అకౌంట్లు, వాటి ఫైళ్లు శుభ్రం చేసే పని. ముందు ఆ క్లినిక్ రికార్డుల నకలు మీద నడిపి చూసి, బాగుంటే అప్పుడు అసలుదాని మీద నడపాలి. దేని మీద నడవాలో నేను టూల్‌కి పేరు ఇచ్చాను. అది ఖాయమేనా అని అడిగింది. అవునని కొడుతున్నాను. ఆ మాట పూర్తి కాకముందే స్క్రీన్ మీద టూల్ ఆగిపోయింది. అవతలి నుంచి ఆపేశారు. కింద హ్యాష్ పడింది: "ఆగండి. అది నకలు కాదు. అసలుది."

చూశాను. నిజమే. నేనిచ్చింది అసలు క్లినిక్ పేరు. ఏవి పాతవో ఏవి కొత్తవో ఇంకా సరిచూడనే లేదు. ఇంకొక్క అక్షరం పడి ఉంటే సోమవారం పొద్దున్న ఆ క్లినిక్‌కి వచ్చే జనానికి వాళ్ల మందుల వివరాలు కూడా దొరికేవి కావు. నా ఉద్యోగం పోయేది. ఉద్యోగంతో పాటు వీసా కూడా. అంత పని చేసి కాపాడిన మనిషికి హ్యాష్ పెట్టి థాంక్స్ చెప్పడం నాకు మనసొప్పలేదు. కంపెనీ డైరెక్టరీలో ఆయన నంబర్ తీసి, మొదటిసారి ఫోన్ చేశాను.

ఎత్తాడు. వెనకాల రోడ్డు చప్పుడు, ఇండికేటర్ టిక్కుటిక్కు. "హలో మేడం, ఏమైంది? సర్వర్ డౌనా? నేను డ్రైవ్ చేస్తున్న, ఇండియన్ స్టోర్‌కి వచ్చిన. జర సేపట్ల ఇంటికి పోయి లాగిన్ అయిత" అన్నాడు.

నా కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి. అదే క్షణాన అక్కడ ఒక్కో అక్షరం పడుతోంది: "భయపడ్డరా? ఏం గాలే. లేచి నీళ్లు తాగుండ్రి."

"ఏం లేదండీ, తర్వాత మాట్లాడతాను" అని ఫోన్ పెట్టేశాను.

ముందు దొంగ అనుకున్నాను. తాళాలు పోయాయి, నా రూలు, నా సర్వర్లు, అన్నీ గంగలో కలిశాయి అనుకున్నాను. దొంగ అయితే నన్ను ఎందుకు ఆపుతాడు అని రెండో ఆలోచన. హ్యాష్ పెట్టి అడిగాను: "మీరెవరు?"

"ఆయన ఫోన్ ఎత్తిండా?" అని వచ్చింది.

"ఎత్తాడు."

"నేను ఆయన భార్యను."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి. మీతోని మాట్లాడింది అంత నేనే. కాన్ఫరెన్స్ కాల్ ఒక్కటే ఆయన."

ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఇన్ని నెలలు నన్ను వెర్రిదాన్ని చేశారని కోపం. ఆ కోపం అడుగున ఒక పిచ్చి సంతోషం కూడా ఉంది, అబద్ధమెందుకు. పచ్చిపులుసు చెప్పింది ఆడమనిషి. నన్ను తిన్నావా అని అడిగింది ఒక ఆడమనిషి. నేను అనుమానపడాల్సిన పనే లేకపోయింది. ఈ రెండింట్లో ఏది ఎక్కువో తేల్చుకునే ఓపిక లేక కీబోర్డ్ మీద చేతులు పెట్టి అలాగే కూర్చున్నాను.

ఆమే రాసుకుంటూ పోయింది. కంప్యూటర్ చదువు. హైదరాబాద్‌లో సర్వర్ల పనే, మంచి పేరుండేది. పెళ్లయి డిపెండెంట్ వీసా మీద వచ్చింది. ఆ రోజుల్లో ఆ వీసా మీదున్న భార్యలకు ఉద్యోగం చేసే హక్కు లేదు. తర్వాతెప్పుడో కొందరికి ఇచ్చారు. "ఇక్కడ నా పేరు మీద లైబ్రరీ కార్డు తప్ప ఏం లేదు మేడం" అని రాసింది.

"మీరు ఈ సర్వర్ మీద ఉండకూడదు" అని కొట్టాను.

"ఇప్పుడే గద మీ చెయ్యి పట్టుకొని ఆపిన."

"ఆ చెయ్యి గురించే చెబుతున్నాను."

"ఎవలకన్న చెప్తే ఆయన ఉద్యోగం పోతది" అని వచ్చింది.

"తెలుసు."

"సరే. దీన్ని తీసేస్తున్న. ఇయ్యాల్టి పని తర్వాత చేసుకోండ్రి." ఆ మాట తర్వాత స్క్రీన్ ఆగిపోయింది. కనెక్షన్ తెగిందని ఒక లైను మిగిలింది. రూలు ప్రకారం సర్వర్ తీసి పారేసింది. దానితో పాటు ఆమె ఒప్పుకున్నదంతా పోయింది. ఎవరికైనా చెప్పాలన్నా నా చేతిలో ఒక్క ముక్క సాక్ష్యం లేదు.

ఆ పూట వంట చేయలేదు. కోటు వేసుకుని కిందికి వెళ్లి, ఎక్కడికీ వెళ్లే పని లేకపోయినా కారు మీది మంచు అంతా తవ్వాను. పక్క ఫ్లాట్ ముసలాయన కుక్కను తిప్పుతూ, ఏదైనా ఎమర్జెన్సీనా అని అడిగాడు. లేదన్నాను. తవ్వుతున్నంతసేపూ ఒకటే లెక్క. కంపెనీకి చెబితే ఆయన ఉద్యోగం పోతుంది, ఇద్దరూ పెట్టె సర్దుకోవాలి. నన్ను కాపాడినందుకు ఆమెకు నేనిచ్చే బహుమానం అది. చెప్పకుండా ఇలాగే కానిస్తే, రోగుల రికార్డుల మీద ఎవరో తెలియని చెయ్యి. ఎవరో ఏమిటి, ఆమె చెయ్యి ఎంత నికార్సయినదో నాకంటే ఎవరికి తెలుసు? కానీ రూలు మంచివాళ్ల కోసం పెట్టింది కాదు గదా. నాకు ఇష్టమైన మనిషి కాబట్టి వదిలేస్తే అది రూలు కాదు, మొహమాటం. ముందున్నాయన కూడా మెయిల్ పంపింది మంచివాళ్లే అనుకుని ఉంటాడు.

సోమవారం కాన్ఫరెన్స్ కాల్ అయ్యాక ఆయనకు ఫోన్ చేశాను. కడిగి పారేద్దామనే చేశాను. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను: పని రాకుండా ఉద్యోగంలో చేరి, భార్య చేత చాకిరీ చేయిస్తూ, జీతం మాత్రం మీ పేరున తీసుకుంటున్నారా అని.

నేను మొదలుపెట్టకముందే ఆయన అన్నాడు. "ఆమె చెప్పింది మేడం. మీరు ఏమనుకుంటున్నరో నాకెర్కే. నాకు పని రాక కాదు."

"మరి?"

"ఇక్కడికొచ్చినంక రెండేండ్లు ఆమె సక్కగ మాట్లాడలే. నేను అప్పటి ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఇంట్ల లైటు గూడ వెయ్యకపోతుండె. చీకట్లనే కూసుంటుండె. డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన, గోలీలు ఇచ్చిన్రు. ఓసారి నాకు జ్వరమొచ్చి పండుకుంటే, పని ఆగుతదని నా లాప్‌టాప్ ముందల కూసుంది. ఆ రోజు అన్నం తినుకుంట నవ్వింది మేడం. ఆ నవ్వు చూసినంక లాప్‌టాప్ వాపస్ ఎట్ల గుంజుకోవాలె?"

సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. రెండేళ్లు చీకట్లో కూర్చోవడమంటే ఏమిటో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమెకు అది ఉద్యోగం కాదు, ఊపిరి. నాకూ అంతే. ఆ కుర్చీ లాగేస్తే ఇద్దరం పడతాం. "అవి పేషెంట్ల రికార్డులండీ" అన్నాను. నా గొంతు నాకే నీరసంగా ఉంది.

"తెలుసు మేడం."

"రేపటి నుంచి మీరే కూర్చోవాలి. మీ తాళాలన్నీ మారుస్తాను. కొత్తవి మీ దగ్గరే ఉండాలి. కంపెనీకి నేనేం చెప్పను."

ఆయన థాంక్స్ చెప్పలేదు. "ఆమెకు మీరే చెప్పుండ్రి. నాతోని కాదు" అని ఫోన్ ఇచ్చేశాడు.

"చెప్పండి" అందామె. ఆ గొంతు నేను అనుకున్నట్టు లేదు. సన్నగా, బెరుకుగా, కొత్తవాళ్లింటికి వచ్చిన మనిషి గొంతులా ఉంది. సర్వర్ మీద నన్ను ఆట పట్టించిన మనిషి ఈమేనా అనిపించింది. చెప్పాల్సింది చెప్పాను. సరే అంది. ఎందుకని అడగలేదు, వాదించలేదు. వాదించి ఉంటే నాకు తేలికయ్యేది. "ఆదివారం ఫోన్ చేయనా?" అన్నాను. "చెయ్యండి" అంది.

కంపెనీకి చెప్పలేదు. ఎప్పుడూ మార్చేటట్టే తాళాలు మార్చానని రాశాను. తప్పే అంటారేమో. ఇప్పుడడిగినా అదే చేస్తాను.

మర్నాటి నుంచి ఆయనే కూర్చున్నాడు. నిజంగానే పని వచ్చిన మనిషి. చకచకా లైన్లు చూసేవాడు, తప్పుంటే ఆపేవాడు, ఒక్క అక్షరం ఎక్కువ కొట్టేవాడు కాదు. ఒకసారి నేనే హ్యాష్ పెట్టి, "ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడిగాను. "ఫైన్ మేడం" అని రాసి, తర్వాతి కమాండ్ కోసం ఆగాడు. అంతకుముందు మూడు గంటలు పట్టిన పనులు ఇప్పుడు గంటన్నరలో అయిపోయేవి. సర్వర్ తీసి పారేసేసరికి ఇంకా భోజనాల వేళ కూడా అయ్యేది కాదు. ఆ మిగిలిన మధ్యాహ్నాన్ని ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. గిన్నెలు తోమేదాన్ని, తోమినవే మళ్లీ తోమేదాన్ని.

ఆదివారాలు ఫోన్ చేశాను. మాట ఇచ్చాక తప్పుతుందా? ఏం వండారంటే ఏం వండారు. అక్కడ మంచుందా, ఇక్కడుంది. గోంగూర ఫ్రోజెన్‌ది బాగుంటుందా, బాగుండదు. తర్వాత ఇద్దరం అవతలి వాళ్ల ఊపిరి వినుకుంటూ కూర్చునేవాళ్లం. స్క్రీన్ మీద ఒక లైను నడుస్తుండగా ఎన్ని మాటలొచ్చేవో! మధ్యలో పని లేకపోతే మా ఇద్దరికీ మాటే లేదని నాకు అప్పుడు తెలిసింది. నేను ఏవో సలహాలు కూడా ఇచ్చాను. ఏదైనా కోర్సు చేయండి, లైబ్రరీలో వాలంటీర్‌గా చేరండి అని. నాకెవరైనా అలాంటి సలహా ఇచ్చి ఉంటే ఫోన్ పెట్టేసేదాన్ని. ఆమె మాత్రం "చూస్త" అనేది.

ఒకసారి అడగకుండానే చెప్పింది. భర్త తన కోసం విడిగా ఒక క్లౌడ్ అకౌంట్ తీసిచ్చాడట. "రోజు పొద్దుగాల ఒక సర్వర్ పెడుతున్న" అంది.

"మంచిదే గదా. దాని మీద ఏం చేస్తున్నారు?"

"ఏం చెయ్యాలె? ఖాళీది. అప్‌డేట్ చేస్త, చూస్త, తీసేస్త."

మోరిస్‌విల్‌లో ఒక ఇంట్లో, భర్త వేరే గదిలో మా పని చేసుకుంటుంటే, ఎవరికీ అక్కర్లేని సర్వర్ ఒకటి పెట్టుకుని దాని ముందు కూర్చుని ఉన్న మనిషి కళ్లకు కట్టింది. ఆమెను అక్కడ కూర్చోబెట్టింది నేను. అది సరైన పనే. సరైన పని చేశాననే ధీమా ఆ పూట అన్నం దగ్గర ఎందుకూ కొరగాలేదు.

మంచు కరిగి, చెట్లకు చిగుళ్లు వస్తున్నప్పటి ఆదివారం ఒకటి ఉంది. మామూలుగానే ఫోన్ చేశాను. ఆమె ఎత్తుతూనే అడిగింది. "అండీ, ఆ పాత అకౌంట్ల క్లినిక్ ఉండె గదా, మనం సగంల ఆపినం. అది అయిపోయిందా? ఎట్ల చేసిన్రు? ఒక్కసారే తీసిన్రా, కొన్ని కొన్ని తీసిన్రా? ఆ టూల్ పేరు అడిగే కాడ అసలుదా నకలా అని రంగుల చూపిస్తే తప్పే జరగదని నేను అనుకుంటుంటి. అది పెట్టిన్రా?"

గొంతు మారిపోయింది. బెరుకు లేదు. మాట మీద మాట, ఊపిరి తీసుకోకుండా. స్క్రీన్ మీద నాతో మాట్లాడిన మనిషి ఇన్నాళ్లకు ఫోన్‌లోకి వచ్చింది. నా ప్రాణం లేచి వచ్చింది. చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పడానికి ఎంత ఉందో! ఆ రంగు సంగతి నాకూ తట్టి, అసలుదైతే ఎరుపులో కనబడేలా పెట్టాను. ఎన్ని విడతల్లో తీశానో, ఎక్కడ ఇరుక్కున్నానో, ఆమె ఉంటే ఎక్కడ నన్ను ఆట పట్టించేదో, అన్నీ ఉన్నాయి. ఒక్క గంట మాట్లాడుకునేవాళ్లం.

ఆ క్లినిక్ పేరు ఆమెకు తెలియాల్సింది కాదు. మా టూల్ ఎలా నడుస్తుందో బయటి మనిషికి తెలియకూడదు. ఇప్పుడామె బయటి మనిషి. చేసింది నేనే.

"చెప్పకూడదండీ" అన్నాను.

అవతల ఆమె గొంతు సర్దుకుంది. "అవును లెండి. చెప్పొద్దు గద" అంది. మళ్లీ ఆ సన్నటి, కొత్తవాళ్లింటి గొంతు. "ఉంట మరి. పొయ్యి మీద పప్పుంది."

తర్వాతి ఆదివారం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చేస్తే ఆమె ఏం అడగాలనుకుంటుందో నాకు తెలుసు. అడిగితే నేనేం చెబుతానో ఆమెకు తెలుసు. ఫోన్ పక్కన పెట్టేశాను. ఆమె కూడా చేయలేదు.